రాజు వేషానికి కప్పిన శాలువా

తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్ల వెనక ఉంటుంది మా గల్లీ. దోమ, కొడంగల్ వైపు పల్లెల నుంచి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు సగం మంది. వాళ్లు వచ్చేటప్పుడు యక్షగానాన్ని కూడా వెంట తెచ్చుకున్నారు. వినాయక చవితి పందిరి ముందు ఏటా ఒక సాయంత్రం ఆట ఉండేది. అందులో రాజు వేషం మా మేనమామది.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే. నేను జాకెట్లు కుడతాను. నా బడి ఏడో తరగతితో ఆగింది గాని చదువు ఆగలేదు. శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్కనున్న కుర్చీ నాదని పేపరు కోసం వచ్చే పెద్దమనుషులకు కూడా తెలుసు. నాటకాల మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను, అర్థం కానివి రెండోసారి చదివాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఒకసారి ఒక లావుపాటి పుస్తకంలో, సముద్రాల అవతల ఏదో దేశంలో, వేల ఏళ్ల కింద ఆడిన నాటకాల్లో కూడా వేషగాళ్లకు తోడుగా ఒక గుంపు నిలబడి పాడేదని చదివాను. ఇంటికి రాగానే మామకు చెప్పాను.

"అంటే మనోళ్లను జూసి నేర్చుకున్నరన్నట్టు," అన్నాడు.

"వాళ్లు మనకంటే ముందటోళ్లు మామా."

"ఎవలు జూసిండ్రు బిడ్డా? గా పుస్తకం రాసినోడు జూసిండా?"

వెనక పాడే ఆ పాటను మా దగ్గర వంత అంటారు. మామకు వంత పాడేవాళ్లు ఇద్దరు. ఒకాయన హార్మోనియం వాయిస్తాడు, ఇంకొకాయన తాళాలు పడతాడు. రాజు చరణం ఎత్తుకుంటాడు. దాని చివరి మాటలను వాళ్లు అందుకుని మళ్లీ మళ్లీ తిప్పుతారు. ఆ సందులో రాజు గజ్జెలు మోగిస్తూ ఒక చుట్టు తిరిగి, ఊపిరి పీల్చుకుని, తర్వాతి చరణానికి వస్తాడు. చూసేవాళ్లకు అది నడకలాగే కనిపిస్తుంది. నిజానికి అది వేషగాడు ఊపిరి తీసుకునే చోటు.

మామ పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు. ఇంటికొచ్చినప్పుడు కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. దగ్గు మొదలైనప్పుడు చలికాలం దగ్గే అనుకున్నాం. అది ఎండాకాలంలో కూడా పోకపోయేసరికి రైల్లో వికారాబాద్ పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి ఏం పని చేస్తావని అడిగింది. దుమ్ములోకి మళ్లీ పోవద్దంది. పోయిన ఊపిరి మాత్రం తిరిగి రాదని మెల్లగా చెప్పింది.

"పాట పాడొచ్చునా మేడం?" అన్నాడు మామ.

ఆమె ఆయన ముఖం కేసి చూసి, నా ముఖం కేసి చూసింది. "ఇంట్ల కూసోని పాడుకో," అంది.

ఆ వారమే గ్రంథాలయంలో ఆరోగ్యం పుస్తకాల బీరువా తీసి, రాతిపొడి ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో చదివాను. ఆ పుస్తకాన్ని ఇంటికి తేలేదు.

ఇంట్లో కూర్చుని పాడుకునే మనిషి కాదు ఆయన. ఎవరూ ఎవరితో మాట్లాడుకోకుండానే వంతవాళ్లిద్దరూ దారి కనుక్కున్నారు. మామ చరణంలో సగం పాడి వదిలేస్తే మిగతా సగాన్ని వాళ్లే ఎత్తుకునేవాళ్లు. వంతను ఇంకాస్త సాగదీసేవాళ్లు. మామ చుట్లు కూడా నిదానమయ్యాయి. "రాజుకు వయసు పైనబడ్డది, నడకల దర్జా వచ్చింది," అన్నారు గల్లీవాళ్లు. అట్లా కొన్నేళ్లు గడిచాయి.

తర్వాత పందిరి కుర్రవాళ్ల చేతికి వచ్చింది. డీజే వచ్చింది. ఆట మానేశారు. నిరుడు మామ తనంతట తానే పందిరి కమిటీ అధ్యక్షుడి మొబైల్ షాపుకు వెళ్లాడు. నేను వెంట వెళ్లాను. ఆ అబ్బాయి మా ఎదుట పెరిగినవాడే.

"ఒక్క గంట ఇయ్యి కొడుకా."

"ఇస్త పెద్దనాయనా, నాదేం పోతది? గని పబ్లిక్ ఆగాలె. ఆగిండ్రనుకో, ఏటేటా పెడ్త. లేసి పోయిండ్రనుకో, ఇగ నన్ను అడగొద్దు."

"ఆగుతరు."

"గంత గ్యారంటీ ఏంది?"

"మీ నాయిన ఆగిండు. నిన్ను సంకల ఏసుకోని నిలబడ్డడు, అడుగుపో."

తిరిగి వచ్చేటప్పుడు దారిపొడవునా మామ ఆ గంటలో ఏ పాట ఉంచాలో, ఏది తీసేయాలో చెబుతూనే ఉన్నాడు. మాటల మధ్య ఆగి గోడలు పట్టుకున్నాడు. రాజు అంగీని నేను పక్క కుట్లు వేసి మళ్లీ బిగించాను. ఇక లోపలికి మడవడానికి చోటు లేక భుజాల కింద తువ్వాళ్లు పెట్టాను.

ఆట రోజు చీకటి పడకముందే అధ్యక్షుడు వచ్చాడు. చెంప పక్కనుంచి నోటి దగ్గరికి వచ్చే చిన్న మైకు తెచ్చాడు. టీవీలో యాంకర్లు పెట్టుకునేలాంటిది. ఆట మీద గౌరవంతోనే తెచ్చాడు. కిరీటం చెదరకుండా దాన్ని తానే సర్దాడు.

"హైద్రాబాద్ ఆర్టిస్టు లెక్కున్నవ్ పెద్దనాయనా."

వంతవాళ్లకు మైకు లేదు. వెనకుండేవాళ్లకు ఎందుకనుకున్నాడు. వాళ్లకూ కావాలని మాలో ఎవరికీ తట్టలేదు. "మా గొంతులే లౌడుస్పీకర్లు," అని నవ్వాడు తాళాలాయన. మైకు లేకుండా ఇద్దరూ ఒకే గొంతుకగా పాడడమే వాళ్ల అలవాటు.

ఇద్దరు తెర పట్టారు. దాని వెనక నుంచి మామ మొదటి చరణం పూర్తిగా పాడాడు. జనం నెమ్మదించారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. వంతవాళ్లు అందుకున్నారు. వాళ్ల పాట ముందు వరుస దాకానే వచ్చింది. నిలువెత్తు స్పీకర్ల లోంచి గల్లీ అంతటికీ వినిపించింది మామ ఊపిరి. ఈల వేసినట్టు లోపలికి వెళ్లేది, గరగరమంటూ బయటికి వచ్చేది.

"మైకు కరాబైందిరా, జర జూడు!" అని ఎవరో అరిచారు. సౌండ్ మనిషి ఏవో తిప్పాడు. చప్పుడు ఇంకా పెద్దదయింది.

"అవ్వో, రాళ్లు కోసే మిషన్ లెక్క ఉన్నదేందే!" అంది నా వెనక కూర్చున్నామె.

తెర తీశారు. మామ తన ఊపిరిని తానే వింటున్నాడు. రెండో చరణం సగం పాడాడు. వంత మొదలవగానే, చప్పుడు రాకూడదని ఊపిరి బిగబట్టాడు. తీసుకోవలసిన చోటే ఆపేశాడు. చుట్టు తిరిగి వచ్చాడు, నోరు తెరిచాడు, మాట రాలేదు. వంతవాళ్లు అవే మాటలను తిప్పుతూ ఎదురుచూశారు. ఇంకోసారి తిప్పారు. నేను చదివిన పుస్తకాల్లో అప్పుడేం చేయాలో ఎక్కడా లేదు.

అధ్యక్షుడు స్టేజీ ఎక్కాడు. మంచివాడు, ఎగతాళి చేయలేదు. మామను కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో నీళ్లసీసా పెట్టి, మన గల్లీ పేరు నిలబెట్టిన కళాకారుడని మైకులో పొగిడి శాలువా కప్పాడు. భుజకీర్తులకు అడ్డుపడి అది సరిగా కూర్చోలేదు. చప్పట్లు మాత్రం అంతకుముందు ఏ ఏడూ అంతగా మోగలేదు. వెంటనే డీజే పెట్టారు. ఎవరూ లేచి వెళ్లలేదు.

ఈ ఏడు పందిరి గుంజలు పాతుతుంటే నేనే వెళ్లి అడిగాను. వంతవాళ్లకు కూడా మైకులు పెట్టిస్తే చాలన్నాను.

"సన్మానం చేసినం గద అక్కా," అన్నాడు అధ్యక్షుడు. "అయిపోయినంక మల్ల ఆడిపిస్తే మంచిగుండది. ఫికర్ చెయ్యకు, పెద్దనాయన ఫొటో పెద్దగ ఏపిస్తున్న."

అన్నట్టుగానే వేయించాడు. మా ఇంటి ఎదుటి స్తంభానికి ఫ్లెక్సీ కట్టారు. రాజు వేషంలో, శాలువాతో మామ. చుట్టూ బంతిపూల అంచు. పొద్దున పాలు పోసే ఆమె దాన్ని చూసి నా చెయ్యి పట్టుకుంది.

"ఎన్నడు పోయిండమ్మా? నాకు ఎర్కనే లేదు."

గడప పక్కన మంచం మీదున్న మామ విన్నాడు. "ఇంక పోలేదని చెప్పు బిడ్డా, జర టైం పడ్తదను," అన్నాడు. ఆమె నాలుక కరుచుకుని వెళ్లిపోయింది. మామ నవ్వాడు. ఆ నవ్వు వెంట వచ్చిన దగ్గు తగ్గేదాకా ఆయన వీపు నిమిరాను.

ఆయనకు చదువు రాదు. "ఏం రాసిండ్రు?" అన్నాడు.

"మన గల్లీ కళారత్నం అని రాసిండ్రు."

"ఆట ఎన్ని గంటలకని రాసిండ్రు?"

"అది రాయలే మామా."

"కింద జూడు. గసొంటివి కింద చిన్నగ రాస్తరు."

రోడ్డు దాటి దగ్గరికి వెళ్లి కింద కూడా చదివాను. కమిటీవాళ్ల పేర్లున్నాయి.