బీరువాలోంచి పాట

కరోనా తర్వాత క్యాంపస్ తెరుచుకున్న ఏడాది, గచ్చిబౌలి దగ్గరి ఒక విశ్వవిద్యాలయం రంగస్థల శాఖలో నన్ను రిహార్సల్ పియానిస్టుగా తీసుకున్నారు. రిటైరయ్యే ముందు అదే నా చివరి ఉద్యోగం. యూరప్‌లో ఎప్పటినుంచో ఆడుతున్న ఒక హాస్య ఒపేరాను తెలుగు చేసి విద్యార్థులతో వేయిస్తున్నారు. ఒపేరా అంటే మాటలు కూడా పాటలోనే నడిచే నాటకం. వాద్యబృందం చివర్లో వస్తుంది. అంతదాకా వాళ్లందరి బదులూ ఒక్క పియానో. ప్రదర్శన రోజు పియానిస్టుకు హాల్లో కుర్చీ ఇస్తారు, అంతే. హోదాలో లెక్చరర్ కింద, లైట్ల వాళ్లకు కాస్త పైన.

పనిమనిషి పాత్ర శ్రావణిది. సిద్దిపేట అమ్మాయి, మంచి గొంతు. యజమానికి భయపడి చెక్క బీరువాలో దాక్కుని, లోపల్నుంచే పాట ఎత్తుకోవాలి. సమయానికి ఎత్తుకుంటేనే జనం నవ్వుతారు. ఆమె తాళం లెక్కపెట్టుకునేది కాదు. నేను ఊపిరి పీల్చి తల పైకెత్తగానే అందుకునేది. అసలు బీరువా వచ్చేది ప్రదర్శనకు కాస్త ముందే, అంతదాకా నా ఎదురుగా నిలబడే పాడేది. అందులోంచి ఎవరూ కనబడరు. బీరువా వచ్చాక తడబడితే పాత్ర వేరే అమ్మాయికిస్తానని దర్శకుడు చెప్పేశాడు.

ప్రదర్శన రోజు నేను ఎదురుగా ఉండనమ్మా, లెక్కపెట్టుకో అన్నాను.

"ఇప్పుడైతే ఉన్నరు గద మేడమ్," అంది.

మర్నాడు నా ముఖం ఆమెకు కనబడకుండా పియానోను గోడవైపు తిప్పించాను. ఆమె ప్రతిసారీ తప్పింది. "నా మీద గుస్సా అయినరా మేడమ్? జర చెప్పుండ్రి," అని అడిగింది. కోపమేం లేదు, లెక్కపెట్టు అన్నాను. అంతకుముందు రిహార్సల్ అయ్యాక ఇద్దరం క్యాంటీన్‌లో టీ తాగేవాళ్లం. కొండాపూర్ ఫ్లాట్‌లో నేనొక్కదాన్నే. రోజు మొత్తంలో నోరారా మాట్లాడేది ఆ కాసేపే. ఆమె టీకి రావడం మానేసింది. బాధేసింది. పియానో మళ్లీ ఇటు తిప్పేద్దామా అని చాలాసార్లు అనిపించింది. తిప్పలేదు.

ప్రదర్శన రోజు వెనక వరసలో కూర్చున్నాను. బీరువా తలుపు మూసుకుంది, వాద్యబృందం అందుకుంది. నా తల దానంతటదే పైకి లేచింది. ఆ చీకట్లో చూసేదెవరు? అప్పుడే లోపల్నుంచి గొంతు వచ్చింది. వెంట్రుకవాసి తేడా లేదు. హాలంతా పగలబడి నవ్వింది.

అయిపోయాక శ్రావణి వాద్యబృందం నడిపినాయన కాళ్లకు దండం పెట్టింది. స్నేహితులు చుట్టుముట్టారు, ఫొటోలు దిగారు. "భలే పాడించారండీ," అని దర్శకుడు కూడా ఆయన చెయ్యే పట్టుకున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను.

ఈ వృత్తి నాకు నేర్పింది ఒకటే. పాడేవాళ్లకు మనవైపు చూడాల్సిన అవసరం తీరిపోయిన రోజు మన పని పూర్తయినట్టు. ఇంక అక్కడ ఆగకూడదు. నేను మాత్రం హాలు ఖాళీ అయ్యేదాకా ఆగాను.