మా కెప్టెన్ ఎడమ వైపు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం రియాద్‌లో మెట్రో దిగి ఇంటికి నడుస్తుంటే కడప నుంచి ఫోన్ వచ్చింది. మా పాత బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్ కూతురు. "అంకుల్, మా అబ్బా పోయినారు. పొద్దున ఎదలో నొప్పి అన్నారు. ఆసుపత్రికి తీస్కపోయేలోపే..." అని ఆగిపోయింది. నేను వెంటనే నమ్మలేదు. ఎవరు చెప్పారమ్మా, డాక్టరు చూశాడా, ఇంకెవరికైనా చూపించారా అని వరసగా అడిగాను. ఆ పిల్ల ఏడుస్తూనే అన్నిటికీ జవాబు చెప్పింది. ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు, ఆ ప్రశ్నలు నావి కావు, ఆయనవి. ఏ మాటనైనా నాలుగు వైపులా తట్టి చూడనిదే లోపలికి రానిచ్చేవాడు కాదు.

ఆయన బతుకు తెరువే బాస్కెట్‌బాల్. మన దగ్గర క్రీడల కోటా ఉద్యోగంలో కొన్నేళ్ళు జీతానికి ఆడాడు. తర్వాత మా నిర్మాణ కంపెనీ యజమాని ఆయన్ని రియాద్‌కు రప్పించుకున్నాడు. మేం ముదీర్ అని పిలిచే ఆ యజమానికి ఈ ఆటంటే పిచ్చి. కంపెనీల మధ్య జరిగే టోర్నమెంట్ల కోసం జీతాలిచ్చి జట్టును పోషించేవాడు. మా కెప్టెన్ ఇఖామాలో, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులో, వృత్తి స్టోర్ కీపర్. స్టోర్ ఏ మూల ఉందో ఆయనకు తెలుసని నేననుకోను.

నాది మచిలీపట్నం వైపు. అప్పట్లో ఆ జట్టులో పాయింట్లు చేసేది ఎక్కువగా నేనే. చేరిన మొదటి సాయంత్రం ప్రాక్టీసులో నా ఎదురుగా ఆయన్ని నిలబెట్టారు. ఆ పూట ఒక్క బంతి కూడా సరిగా విసరలేకపోయాను. ఎటు తిరిగినా ఎదురుగా ఆ ఛాతీయే. పైగా ఎవరో వెనక్కి లాగుతున్నట్టు కూడా ఉంది.

"అన్నా, మీరు నా నిక్కరు పట్టుకున్నారు" అన్నాను.

"రిఫరీ చూసినాడా?"

"లేదు."

"మరి నువ్వెట్ల చూసినావు? నీ చూపు రింగు మీద గదా ఉండల్ల."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. "ఎదుటోని నోరు నమ్మాకు, కండ్లు నమ్మాకు. నడుము చూడు. అది యాడికి పోతే మనిషి ఆడికే పోతాడు."

ఆయన మైదానం బయట కూడా అలాగే బతికాడు. బత్తాయిలు కొంటే అడుగున ఉన్నవి పైకి తీయించి చూసేవాడు. ముదీర్ ఎప్పుడైనా పిలిచి చాయ్ ఇస్తే, బయటికొచ్చి, "ఈ పొద్దు చాయ్ పోసినాడంటే ఏదో ఉండాది" అనేవాడు. చాలాసార్లు నిజంగానే ఏదో ఉండేది. ఊరికి పోయే టికెట్ వాయిదా పడేది, లేకపోతే ఎవరి సెలవో రద్దయ్యేది.

ఇలాంటి ఆటగాడి విలువ కట్టడం కష్టం. స్కోరు షీటులో ఆయన పేరు ఎదురుగా ఎప్పుడూ రెండో నాలుగో ఉండేవి. ముదీర్ ఆ కాగితం చూసి, ఇతనికి జీతం ఎందుకని మా లెబనాన్ కోచ్‌ని అడుగుతూనే ఉండేవాడు. కోచ్ ఒకసారి ముదీర్‌ని తన పక్కన కూర్చోబెట్టుకుని, మన బంతి చూడొద్దు, వాళ్ళ మంచి ఆటగాణ్ణి చూడమన్నాడు. మొదటి సగంలో ఆ మనిషి మా కెప్టెన్ మీదికి వచ్చి వచ్చి తిరిగిపోయాడు. రెండో సగంలో రావడమే మానేశాడు. కాసేపటికి ఆయన ఉన్న వైపుకి బంతి కూడా రాలేదు. ముదీర్ తల ఊపాడు గానీ పూర్తిగా నమ్మినట్టు లేదు.

అంతలో నితాఖత్ వచ్చింది, ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలనే రూలు. సిబ్బందిలో సౌదీలు చాలినంత మంది లేరని మా కంపెనీ ఎరుపు రంగు జాబితాలో పడింది. విదేశీయుల ఇఖామాల రెన్యువల్ కష్టమైపోయింది. తర్వాత ప్రతి మనిషి మీదా, వెంట ఉన్న భార్యాబిడ్డల మీదా సర్కారు లెవీలు. మా బిల్డింగ్‌లో కుటుంబాలు ఒక్కొక్కటే ఎగ్జిట్ వీసా కొట్టించుకుని శాశ్వతంగా ఊళ్ళకు వెళ్ళిపోతున్నాయి. మెట్ల కింద విడిచిపెట్టిన మంచాలు, కుక్కర్లు, పిల్లల సైకిళ్ళు. కెప్టెన్ మాత్రం భార్యనూ కూతురినీ పంపలేదు. పాప బడి మధ్యలో చెడకూడదంటూ లెవీ కడుతూనే వచ్చాడు.

జట్టు కూడా మారాలన్నాడు ముదీర్. సౌదీ ఆటగాళ్ళను తీసుకోవాలి, విదేశీయుల్లో ఎవరిని ఉంచాలో టోర్నమెంట్ అయ్యేలోపు కోచ్ చెప్పాలి. కొత్తగా ఒక సౌదీ యువకుడు వచ్చాడు. కాలేజీ అయి ఉద్యోగంలో చేరినవాడు, మా అందరికంటే పొడుగు. అతనికి డిఫెన్స్ నేర్పే పని కెప్టెన్‌కి అప్పగించారు. నాకప్పటికే మోకాలు పోయింది. జట్టుకి బస్సులూ హాలు బుకింగులూ చూసే పనిలో ఉన్నాను.

అలాంటి రోజుల్లో ఒక ఆసుపత్రి జట్టుతో ఆట పడింది. వాళ్ళ ఫిలిప్పీన్స్ కుర్రాడు పొట్టివాడు, చురుకైనవాడు. అతను మా కెప్టెన్ ఎడమ పక్క నుంచి దూసుకుపోయాడు. మళ్ళీ అలాగే. మళ్ళీ అదే వైపు. మా కెప్టెన్ కనీసం తల తిప్పలేదు, స్తంభంలా నిలబడ్డాడు. ఓడిపోయాం. పాయింట్లు చేసేవాడి ఆట తగ్గితే గుర్తించడం తేలిక, బంతి రింగులో పడదు, హాలంతా చూస్తుంది. అడ్డుకునేవాడి ఆట తగ్గితే ముందుగా తెలిసేది ఎదుటి జట్టుకే. వాళ్ళకు ఆ రోజు అంత కచ్చితంగా ఎలా తెలిసిందన్నదే నన్ను తొలిచింది.

కోచ్‌నీ అదే తొలిచింది. బస్సు దగ్గర నన్ను ఆపాడు. "మీ వాడు ముసలివాడయ్యాడా, అమ్ముడుపోయాడా? నీ భాషవాడు. కనుక్కో."

అప్పటి నుంచి ఆయన్ని గమనించడం మొదలుపెట్టాను. కారు మానేసి టాక్సీలో వస్తున్నాడు. అడిగితే, "కారు గ్యారేజీలో ఉండాది" అన్నాడు. ఆయన బిల్డింగ్ వెనక్కి వెళ్ళి చూస్తే కారు దుమ్ము పట్టి అక్కడే ఉంది. ఒక రోజు సాయంత్రపు అసర్ నమాజు దాటాక ఆయన ఒక తెల్ల కారు దిగడం చూశాను. నడుపుతున్నది ఆ ఆసుపత్రి జట్టు మేనేజరు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. మర్నాడు, "నిన్న ఎటు వెళ్ళావన్నా?" అని మామూలుగా అడిగాను.

"మసీదుకి."

అంతే. ఆ జట్టువాళ్ళు ఆయన్ని తమ కఫీల్, అంటే స్పాన్సరు, కిందికి మార్చుకుంటున్నారని అప్పటికే గుసగుసలున్నాయి. నేనూ సగం నమ్మాను. అయితే ఇంకొకటి కూడా కనిపించింది. హోటల్లో ఆయన ఎప్పుడూ ఎడమ భుజం గోడకు ఆనేలా కూర్చుంటున్నాడు. చాయ్ గ్లాసు ఎడమ పక్క పెడితే చెయ్యి తడుముకుంటోంది.

ఒక సాయంత్రం ప్రాక్టీసు మొదలవక ముందు ఆయన సౌదీ యువకుడితో మాట్లాడుతుండగా, ఎడమ పక్క నుంచి బంతి ఆయన మీదికి మెల్లగా విసిరాను. పసిపిల్లలు కూడా తప్పుకునేంత మెల్లగా. వెళ్ళి చెంపకు తగిలింది. తగిలేదాకా ఆయన రెప్ప కూడా వాల్చలేదు.

సౌదీ యువకుణ్ణి నీళ్ళు తెమ్మని పంపి నా దగ్గరికొచ్చాడు.

"కావాలనే ఏసినావు."

"అవునన్నా."

"మంచిదే. నేనైనా అట్లే చేసేవాణ్ణి."

చెంప రుద్దుకుంటూ బెంచీ మీద కూర్చుని చెప్పాడు. చాలాకాలంగా షుగర్. ఎడమ కంటి వెనక నెత్తురు చిమ్మి చూపు దాదాపు పోయింది. మా కంపెనీ క్లినిక్‌కి వెళితే ఆ పూటే ముదీర్ చెవిన పడుతుంది. అందుకని ఆసుపత్రి జట్టు మేనేజరు తన దగ్గరున్న కంటి డాక్టరుకి గుట్టుగా చూపిస్తున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "అంటే నీకు ఎడమ కన్ను కనపడదని వాళ్ళ మేనేజరుకి తెలుసు. వాళ్ళ కుర్రాడు ఆటంతా అటువైపు నుంచే వచ్చాడు. నీకేం అర్థం కాలేదా?"

"ఆ పిల్లోడు రెండోసారి ఆ పక్కకే వచ్చినప్పుడే అర్థమైంది."

"అయినా మళ్ళీ ఆ కారే ఎక్కావు!"

"డాక్టరు మంచోడబ్బీ. కన్ను నాది, ఆట వాళ్ళది" అన్నాడు. అంత అనుమానపు మనిషి పరాయి దేశంలో ఒక్కణ్ణి నమ్మాడు. ఆ ఒక్కడు ఇలా చేశాడు.

కోచ్‌కి ఏం చెప్పమంటావని అడిగాను. "అమ్ముడుపోలేదని చెప్పు. మిగతాది ఫైనల్ అయినాక నేనే చెప్తా."

అంతే చెప్పాను. కోచ్ నా వంక అదోలా చూసి, "నిన్నూ కలుపుకున్నాడా?" అన్నాడు. ఆ రోజుల్లో అందరికీ అందరి మీదా అనుమానమే. కెప్టెన్ తనకు తప్పుగా నేర్పి ముదీర్ ముందు చులకన చేస్తాడేమోనని సౌదీ యువకుడికి కూడా లోపల శంక ఉంది. ఒక రోజు నన్నే అడిగాడు. "నా వల్ల ఆయన చోటు పోతుందని ఆయనకు తెలుసు. మరి ఎందుకింత కష్టపడి నేర్పుతున్నాడు?" నేను వెళ్ళి కెప్టెన్‌నే అడిగాను.

"నా ఎడమ పక్క ఎవడో ఒగడు ఉండల్ల గదా" అన్నాడు.

ఫైనల్‌లో మళ్ళీ ఆసుపత్రి జట్టే వచ్చింది. ఫిలిప్పీన్స్ కుర్రాడు మొదటి బంతికే మా కెప్టెన్ ఎడమకు ఉరికాడు. అక్కడ సౌదీ యువకుడు కాచుకుని ఉన్నాడు. కెప్టెన్ రింగు కింద నిలబడి, అడుగుల చప్పుడు వింటూ, "యసార్! యసార్!" అని అరుస్తున్నాడు. ఎడమకు, ఎడమకు అని. సౌదీ యువకుడు ఎదుటివాడి ముఖం చూడటం లేదు, చూపు దించి నడుము చూస్తున్నాడు. చివరికి ఆ కుర్రాడు ఆ వైపు రావడం మానేశాడు. వాళ్ళ మేనేజరు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. మా కెప్టెన్ అతని వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తక్కువ తేడాతో గెలిచాం. స్కోరు షీటులో కెప్టెన్ పేరు ఎదురుగా సున్నా.

కప్పు అందుకున్నాక ఆయనే కోచ్‌కి కన్ను సంగతి చెప్పాడు. మర్నాడు కోచ్ ముదీర్ దగ్గరికి వెళ్ళి, ఆడకపోయినా ఫరవాలేదు, నేర్పడానికైనా ఈయన్ని ఉంచండని బతిమాలాడు. "కుర్రాడు నేర్చుకున్నాడు కదా, ఇంక ఈయన ఎందుకు?" అన్నాడట ముదీర్. ఎగ్జిట్ కొట్టారు. పాప బడి మధ్యలోనే ఆగింది.

ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్ళాను. ఆయన భార్య, కూతురు అట్టపెట్టెల బండి తోసుకుంటూ ముందు నడుస్తున్నారు. ఆయన నన్ను ఆపాడు.

"ఒగటి అడుగుతా, నిజం చెప్పు. ఫైనల్‌కి ముందు నా కన్ను సంగతి ఎవరికన్నా చెప్పినావా? ముదీర్‌కి ముందే తెలుసంట."

"లేదన్నా. ఎవరికీ చెప్పలేదు."

నిజంగానే చెప్పలేదు. ఆయన తల పక్కకు తిప్పి కుడి కంటితో నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత "సరే" అని మాత్రం అన్నాడు. నమ్మాననలేదు.

ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ, నా పండగ కాబట్టి, అందరికంటే ముందుగా వచ్చే ఫోన్ కడప నుంచి ఆయనదే. ఊళ్ళో ఆపరేషన్ చేయించుకున్నా చూపు రాలేదన్నాడు. బడిపిల్లలకు ఆట నేర్పుతున్నానన్నాడు. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. నమ్మి ఊరుకున్నాడో, నమ్మకుండానే ఊరుకున్నాడో నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. అనుమానం ఉంచుకుని కూడా ఒక మనిషికి ఏటేటా పండగపూట ఫోన్ చెయ్యగలిగాడంటే, అది నమ్మకం కంటే పెద్దదేనేమో అనిపిస్తుంది. ఆయనకు నేను రుణపడి ఉన్నది దానికే.

నిన్న ఆ సౌదీ యువకుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. ఇప్పుడు అప్పటి కుర్రాడు కాదు, గడ్డంలో అప్పుడే నెరుపు వచ్చింది. ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. ప్రాక్టీసు ముగించుకుని బంతుల వలసంచి భుజాన వేసుకుని గేటు దాటుతుండగా ఎదురయ్యాను. కెప్టెన్ పోయాడని చెప్పాను. ఎప్పుడు, అని మాత్రం అడిగాడు. అంతలో రోడ్డవతల మసీదులో అసర్ అజాన్ మొదలైంది. అతను సంచి నా చేతికిచ్చి రోడ్డు దాటాడు.

నేను గోడ నీడన నిలబడ్డాను. తెరిచిన తలుపులోంచి చివరి వరస కనిపిస్తోంది. అందరి భుజాల కంటే ఎత్తుగా ఒక భుజం వంగింది, లేచింది. వరస లేచి వెళ్ళిపోయినా ఆ ఒక్క మనిషీ దువాకి చేతులు చాచుకుని అలాగే కూర్చున్నాడు. బస్సులు అడ్డుగా వస్తున్నాయి, పోతున్నాయి. సంచి బరువుకి వేళ్ళు కోసుకుపోతున్నాయి. దించబుద్ధి కాలేదు.