మంగళవారం వచ్చినవాళ్లు

కరీంనగర్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో ప్రోగ్రాములు రాసే పనికి నేను అప్పుడే కొత్తగా చేరాను. ఒక మంగళవారం పొద్దున భైంసా దగ్గరి పల్లె నుంచి బస్సులు మారుకుంటూ ఒక పెద్దవయసు జంట వచ్చింది. పెద్దావిడ రొమ్ములో గడ్డ. పరీక్షకు పంపిన ముక్క ఏమని తేలిందో డాక్టరు చెప్పాలి. ఆ డాక్టరు వచ్చేది బుధవారం. ఏ రోజు రావాలో ఆసుపత్రి నుంచి ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది.

"మెసేజ్ సక్కగ సదువుకొని రారాదు?" అని కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి విసుక్కుంది.

"నేనే తప్పు సదివిన్నేమో," అన్నాడు పెద్దాయన.

ఫోన్ అడిగి చూశాను. మంగళవారం అనే ఉంది.

"తప్పు మీది కాదు కాకా, మెసేజే తప్పొచ్చింది. ఇయ్యాళ మా ఇంట్ల ఉండున్రి," అన్నాను.

వాళ్లను మా అవ్వ దగ్గర దింపి వచ్చి, అంతకుముందు ఎవరో రాసిన ఆ మెసేజ్‌ల ప్రోగ్రాం తెరిచాను. వచ్చి వెళ్లిన తేదీకి మూడు వారాలు కలిపి, మళ్లీ ఏ రోజు రావాలో చెప్పడం దాని పని. అది రాసిన కంప్యూటర్ భాషలో తేదీకి ఉత్త అంకె కలిపితే అన్ని రోజుల తర్వాతి తేదీ వస్తుంది. అదే "మూడు వారాలు" అని కలిపితే, వచ్చేది తేదీ కాదు, గడియారం సమయం కూడా అంటుకున్న మరో రకం విలువ. సమయం ఎవరూ చెప్పలేదు కనుక అర్ధరాత్రి అని అదే పెట్టుకుంటుంది. మెసేజ్‌లు పంపే కంప్యూటర్ గడియారమేమో మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకు బుధవారం మొదలయ్యే అర్ధరాత్రి, దానికింకా మంగళవారం సాయంత్రమే. అది ఆ రోజునే రాసి పంపింది.

సరిచేశాక, అలాంటి మెసేజ్‌లు వెళ్లినవాళ్లందరికీ నేనూ కౌంటర్‌లో అమ్మాయీ కూర్చుని ఫోన్లు చేశాం.

"ఇట్ల ఎంతమందిని కోపం చేసిన్నో," అందామె, ఫోన్ పెట్టేసి.

ఇంటికి వెళ్లేసరికి పెద్దావిడ మా అవ్వతో చిక్కుడుకాయలు తుంచుతూ నవ్వుతోంది. పొద్దున ఒక్క మాట మాట్లాడని మనిషి.

మరునాడు డాక్టరు క్యాన్సరేనని చెప్పాడు. భర్త చెయ్యి పట్టుకుని ఆమె బయటికి వచ్చింది. "నిన్న మిమ్ముల ఊకెనే తిప్పలు పెట్టినం," అన్నాను.

"నిన్న మంచిగనే ఉండె బిడ్డా," అంది. "మీ అవ్వతోని ముచ్చట పెట్టుకుంట గడ్డ సంగతే మరిచిన."

చికిత్స నెలల తరబడి సాగింది. వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగేవాళ్లు. వెంట్రుకలు రాలాయి, మళ్లీ వచ్చాయి. మొన్న పెద్దాయన ఫోన్ చేస్తే, ఆమె ఎలా ఉందని అడిగాను.

"పత్తి ఏరనీకి పోయింది," అన్నాడు. "వద్దంటే ఇంటలేదు."