గాలికి ఆర్పిన రెప్ప

పశువైద్య కళాశాలలో పిల్లలందరూ ఆవిడని పిన్నీ అని పిలిచేవాళ్ళు. పేటలో మాత్రం ఆవిడ కాంపౌండరమ్మ. పశువుల ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళపాటు కట్లు కట్టి, మందులు తాగించి, ఎద్దుల చేత తన్నులు తిని సంపాదించుకున్న పేరు కాబట్టి మనమూ దాన్నే వాడుకుందాం. ఉద్యోగంలో ఉన్నవాళ్ళ కోసం ఉంచిన సీటులో చేరి డాక్టరు చదువు చదువుతానని ఆవిడ సెలవు చీటీ పెట్టినప్పుడు ఆసుపత్రిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. అప్పటికి ఆవిడకి నలభై రెండేళ్ళు.

మిగతా పరీక్షలన్నీ ఎలాగో గట్టెక్కాయి. ఒక్కటి మాత్రం కొరకరాని కొయ్యై కూర్చుంది. పశువు తిన్న మేత ఎలా అరుగుతుంది, మూత్రపిండం నెత్తురుని ఎలా వడగడుతుంది, కన్నూ చెవీ ముక్కూ ఎలా పనిచేస్తాయి, ఇవన్నీ చెప్పే శరీరధర్మశాస్త్రం అది. మొదటిసారి మూత్రపిండం దగ్గర తప్పింది. రెండోసారి కాగితం మీద నెగ్గి, మౌఖిక పరీక్షలో నీళ్ళు నమిలి తప్పింది. మూడోసారీ తప్పితే పేరు కొట్టేసి ఇంటికి పంపిస్తారు, మళ్ళీ చేరడానికి లేదు. అది కళాశాల నియమం.

తెలియక తప్పిందంటే మాత్రం నేనొప్పుకోను. ఆవు ఎడమ డొక్కకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, దాని పొట్ట రెండు నిమిషాల్లో ఎన్నిసార్లు కదిలిందో చెప్పగలదు. పేడ వాసన చూసి నిన్న ఏం మేసిందో చెప్పగలదు. కళాశాలలో ఒక ఆవు ఉంది. లోపల ఏం జరుగుతోందో చూడటానికి దాని పక్కలో కన్నం చేసి, రబ్బరు మూత బిగించారు. పిల్లలు దాన్ని కిటికీ అంటారు. మొదటిరోజు ఆ మూత తీసి చెయ్యి పెట్టమంటే పిల్లలు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. కాంపౌండరమ్మ మోచేతి దాకా దూర్చి, లోపలి వెచ్చదనానికి పసిపిల్లలా నవ్వేసింది. "ఇరవై ఏళ్ళ నుంచీ బయటి నుంచి విన్నానర్రా, ఇవాళ లోపలికెళ్ళి పలకరించాను" అంది. ఆ మాట విన్నరోజే పిల్లలకి ఆవిడ పిన్ని అయిపోయింది.

కానీ ఆ పాఠం చెప్పే మాస్టారి దగ్గర ఈ కబుర్లు చెల్లవు. ఆయన మూత్రపిండాల మీద పేరుమోసిన మనిషి. "పుస్తకంలో ఉన్నట్టు చెప్పు" అనేవారు. పుస్తకంలో ఉన్నట్టు అనగానే ఆవిడ నోరు బెల్లంకొట్టిన రాయి అయిపోయేది.

ఆ నోరు విప్పించిన ఘనత భర్తది. ఆయన దర్జీ. తెల్లవారుజామున వంటింట్లో పొయ్యి మీద నీళ్ళు కాగుతుండగా, ఆయన కత్తిరింపుల బల్ల మీద కొలతల టేపు పరిచి కూర్చునేవాడు.

"ఇదిగో, ఇది నీ మూత్రపిండంలో గొట్టం. ఎక్కడ మొదలవుతుంది?"

"ఆ చివర గిన్నెలాంటిది ఉంటుందండీ. నెత్తురుని అక్కడ వడకడుతుంది."

"ఊఁ, తర్వాత?"

"మెలికలు తిరిగి కిందికి దిగుతుంది. అక్కడ మలుపు తిరిగి మళ్ళీ పైకొస్తుంది. వడకట్టిన నీళ్ళు నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు దారిలోనే వెనక్కి లాగేసుకుంటుంది."

"మరి పారేసేది ఒక్క పాలేనా! నాకంటే పొదుపే. నేను కత్తిరించిన గుడ్డలో ముక్కలే బోలెడు పోతాయి" అని ఆయన ఆశ్చర్యపోయేవాడు. ఏడో తరగతితో బడి మానేసిన ఆ మనిషికి ఏడాది తిరిగేసరికి మూత్రపిండం ఆవిడ కంటే బాగా వచ్చేసింది. టేపు మీద మలుపు దగ్గర సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. ఆ గుర్తున్న టేపుతోనే పేటలో వాళ్ళందరికీ కొలతలు తీసేవాడు.

ఇంతకీ ఈ వయసులో ఈ పట్టుదల ఎందుకంటారా? దానికి ఒక ఆవు కారణం.

పన్నెండేళ్ళ కిందటి మాట. పేటలో పాలమ్మే పెద్దావిడ ఒకామె ఉంది, కాంపౌండరమ్మ పెద్దమ్మా అని పిలిచేది. ఆమె ఒక ఆవుని బేరమాడి, కొనే ముందు ఒకసారి చూసిపెట్టమని పిలిచింది. కాంపౌండరమ్మ పళ్ళు చూసింది, పొదుగు చూసింది, డొక్కకి చెవి పెట్టి విన్నది. చివరికి కంటి ముందు చెయ్యి విసిరితే ఆవు రెప్ప ఆర్పింది. "కళ్ళు భేషుగ్గా ఉన్నాయి పెద్దమ్మా, తోలుకుపో" అంది. మూడో రోజు ఆ ఆవు వీధి మలుపులో పునాదికి తవ్విన గోతిలోకి తిన్నగా నడిచివెళ్ళి పడి, నడుం విరిగి చచ్చిపోయింది. దానికి రెండు కళ్ళూ కనిపించవు. పైకి అద్దాల్లా ఉన్నాయంతే.

ఆసుపత్రి డాక్టరు విషయం విని, "నువ్వు విసిరింది చెయ్యి, దానికి తగిలింది గాలి. గాలికి గుడ్డి కన్ను కూడా రెప్ప ఆర్పుతుంది" అన్నాడు. ఎందుకలాగ అని ఆవిడ అడిగితే, "అదంతా చదువుకున్నవాళ్ళకి తప్ప అర్థం కాదులే" అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆవిడకి ఈనాటికీ మింగుడు పడలేదు. పెద్దమ్మకి నిజం చెప్పడానికి నోరు రాలేదు. కాలుజారి పడిందనే పేటంతా అనుకుంది, పెద్దమ్మా అలాగే అనుకుందని ఈవిడ నమ్మింది. ఎందుకు తప్పు చేశానో అర్థం చేసుకున్నాకే వెళ్ళి చెబుతానని మనసులో గట్టిగా అనుకుంది. పెద్దమ్మ మాత్రం ఆ తర్వాత కూడా ఏ పశువుని కొన్నా ఈవిడనే పిలిచేది. చూడటం అయిపోయాక, "ఇంకోసారి చూడవే" అనేది. ప్రతిసారీ అదే మాట. ముసలితనపు చాదస్తం అనుకుని కాంపౌండరమ్మ ఇంకోసారి చూసేది.

మూడోసారి పరీక్ష రోజు వచ్చింది. బయటి నుంచి ఒక పరీక్షాధికారి వచ్చారు. ఆవిడ వంతు వచ్చేసరికి ఆయన గుర్రాల కొట్టం వైపు చెయ్యి చూపించి, "ఈ గుర్రం చూపూ వినికిడీ పరీక్ష చేసి చెప్పమ్మా" అన్నారు. మాస్టారు పక్కనే హాజరు పట్టీ పట్టుకుని నిలబడ్డారు.

అది కళాశాల ఆడగుర్రం. దాని పేరు కోపిష్టి. కొట్టం తలుపు మీద "జాగ్రత్త, తన్నుతుంది" అని బోర్డు ఉంది. ఈ ఏడాది ఇద్దరిని తన్నింది కాబట్టి నెలాఖరుకి దాన్ని వదిలించుకోవాలని నిర్ణయించారు. నాలుగేళ్ళుగా మాస్టారు దాని కంటి ముందు చెయ్యి విసిరి, అది రెప్ప ఆర్పగానే, "ఇదిగో, ఆరోగ్యమైన చూపు ఇలా ఉంటుంది" అని పాఠం చెబుతున్నారు. ఆవేళ ముందు వెళ్ళిన పిల్లలందరూ చూపు బాగుందనే చెప్పి మార్కులు వేయించుకున్నారు.

కాంపౌండరమ్మ ముందు ఎడమవైపు వెళ్ళి చెయ్యి విసిరింది. రెప్ప ఆర్పింది. కుడివైపు వెళ్ళింది. అలవాటు చొప్పున చెయ్యి విసిరింది. ఆ కన్నూ రెప్ప ఆర్పింది. "చూపు బాగుంది సార్" అన్న మాట పెదవి దాకా వచ్చింది.

ఇంకోసారి చూడవే.

పెద్దమ్మ గొంతు చెవిలో వినిపించినట్టే అయింది. ఆవిడ నాలుగడుగులు వెనక్కి వేసి, మళ్ళీ కుడివైపు నుంచి నెమ్మదిగా నడిచి వచ్చింది. గుర్రం చెవి ఇటు తిరిగింది. కన్ను తిరగలేదు. భుజం దగ్గర చెయ్యి పడేసరికి ఒళ్ళంతా ఉలిక్కిపడి కాలెత్తింది. ఎడమవైపు నుంచి వస్తే ఈ గొడవే లేదు.

అందరూ బాగుందన్న కన్ను అది. మాస్టారు నాలుగేళ్ళుగా చూపించి పాఠం చెప్పిన కన్ను. ఇప్పుడు కాదంటే, అదీ తనదే పొరపాటైతే, రెండేళ్ళ చదువు గంగలో కలిసినట్టే. బాగుందంటే ఎవరూ ఏమీ అనరు, మార్కులు వేసి పంపిస్తారు. భయమేసింది. చాలా భయమేసింది. అయినా సంచీలోంచి హాల్ టికెట్టు తీసింది. దాని మీది ప్లాస్టిక్ కవరు ఊడదీసి, టికెట్టు పళ్ళ మధ్య పట్టుకుని, ఆ కవరుని గుర్రం ఎడమ కంటికి గాలి తగలకుండా అడ్డం పెట్టి, దాని అవతల చెయ్యి విసిరింది. రెప్ప ఆర్పింది. కుడి కంటికి అడ్డం పెట్టి విసిరింది.

కన్ను అలాగే తెరుచుకుని ఉంది.

టికెట్టు నోట్లోంచి తీసి, "కుడి కన్ను కనిపించదు సార్" అంది.

"ఏం మాట్లాడుతున్నావు?" అన్నారు మాస్టారు. "ఆ కన్ను నాలుగేళ్ళుగా నేను చూస్తున్నాను."

"మీరు చూస్తున్నారు సార్. అదే మిమ్మల్ని చూడటం లేదు."

అనేశాక నాలుక కరుచుకుంది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. పరీక్షాధికారి నవ్వాపుకుంటూ జేబులోంచి టార్చి తీసి రెండు కళ్ళలోకీ వేసి చూశారు. ఎడమ కంటిపాప ముడుచుకుంది. కుడిది కదల్లేదు. ఆయన టార్చి ఆర్పి, "కనిపించని కన్ను మరి రెప్ప ఎందుకు ఆర్పిందమ్మా?" అని అడిగారు.

పన్నెండేళ్ళుగా ఆవిడ ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. పుస్తకంలో ఉన్నట్టు చెప్పాలన్న సంగతి ఆ క్షణాన గుర్తే లేదు. "రెప్పని మూసే నరం ఒక్కటే సార్, తల నరాల్లో ఏడోది. దానికి కబురు పంపేవి రెండు. చెయ్యి కనిపిస్తే చూపు నరం కబురు పంపుతుంది, అది రెండోది. గాలి తగిలితే కంటి మీది స్పర్శ నరం పంపుతుంది, అది ఐదోది. దీనికి రెండోది పోయింది, ఐదోది బతికే ఉంది. చెయ్యి విసిరితే గాలి తగిలి ఐదోది కబురు పంపింది. మనం రెండోది పంపిందనుకున్నాం. తన్నడం కూడా కోపంతో కాదు సార్. కుడివైపు ఎవరు వస్తున్నారో తెలియక భయంతో తన్నుతోంది."

ఒక్క మాట తడబడకుండా చెప్పింది. మాస్టారు ప్లాస్టిక్ కవరు అడిగి పుచ్చుకుని తనే గుర్రం కుడికంటికి అడ్డం పెట్టి రెండుసార్లు చూసుకున్నారు. తర్వాత కొట్టం తలుపు మీది బోర్డు తిప్పి, వెనకవైపు సుద్దముక్కతో, "కుడివైపు నుంచి వచ్చేవారు ముందు పలకరించి రండి" అని రాశారు. కాంపౌండరమ్మ వైపు తిరిగి, "మీరు పాసయ్యారు" అన్నారు. ఆయన ఆవిడని మీరు అనడం అదే మొదలు. పిల్లలు గోడవతల నుంచి ఒక్కటే గోల.

ఇంటికి వెళ్ళలేదు ఆవిడ. హాల్ టికెట్టు చేతిలో పట్టుకుని నేరుగా పెద్దమ్మ పశువులశాలకి వెళ్ళింది. పెద్దమ్మ గేదె కింద కూర్చుని పాలు తీస్తోంది. కాంపౌండరమ్మ పక్కన చతికిలబడి, గాలీ రెప్పా నరాలూ అన్నీ చెప్పి, "ఆ ఆవు కాలుజారి పడలేదు పెద్దమ్మా. దానికి చూపు లేదు. నేను చూసిందే తప్పు" అంది. అంటూనే ఏడ్చేసింది.

పెద్దమ్మ చేతిలో పాలధార ఆగలేదు.

"ఆ సాయంత్రమే తెలుసే నాకు. గోతిలోకి దిగి దాని మొహం పట్టుకుంది నేనే కదా. కళ్ళు నా వైపు తిరగనే లేదు."

"తెలిసి కూడా పన్నెండేళ్ళు నన్నే పిలిచావా?"

"నిన్ను కాక ఎవరిని పిలుస్తాను? ఇంకోసారి చూడమంటే విసుక్కోకుండా చూసేదానివి నువ్వొక్కదానివే" అంది పెద్దమ్మ. పాలబిందె పక్కకి జరిపి, గేదె తలతాడు ఆవిడ చేతికిచ్చింది. "ఇది కొత్తది. పొద్దున్నే వచ్చింది. నువ్వొస్తావని బేరం తేల్చకుండా ఆగాను. చూడవే డాక్టరమ్మా."