అడగకూడదనుకున్న మాట

మా ఆయన పోయాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోంది. మొన్న అక్క కూతురు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, తిన్నావా అని అడిగినంత మామూలుగా, "పిన్నీ, చచ్చిపోవాలని ఏమన్న అనిపిస్తున్నదా?" అని అడిగింది. లేదమ్మా, అన్నం రుచి మాత్రం తెలియడం లేదన్నాను. సాయంత్రం వస్తానని పెట్టేసింది. కోపం రాలేదు గానీ, ఆ పిల్ల ఇంత సులువుగా అడగడం వింతగా తోచింది.

మెట్రో ఇంకా రాని రోజుల్లో, అక్క జబ్బుచేసి పోయాక, ఇంటర్ చదువుతున్న ఈ పిల్లను మా అమ్మ అమీర్‌పేటలో తన దగ్గరే ఉంచుకుంది. నేనూ అప్పుడు కొన్నాళ్ళు అక్కడే ఉన్నాను. పిల్ల ఏడ్చేది కాదు. ఇష్టపడి కొనుక్కున్న డ్రస్సులు, గాజులు స్నేహితురాళ్ళకు పంచేస్తుండేది. ఒకనాడు అన్నం తింటూ, నేను లేకుంటే నీకు మందులెవరిస్తరని అమ్మను అడిగింది. "నోరు మూయ్! తథాస్తు దేవతలు తిరుగుతుంటరు" అని అమ్మ కసిరింది. చెడుమాట అంటే పైనుంచి వాళ్ళు తథాస్తు అంటారని మన ఇళ్ళలో భయం కదా.

నాకు మాత్రం ఆ పిల్ల మనసులో ఏముందో తెలుసుకోవాలనే ఆరాటం ఆగలేదు. మర్నాడు డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ, చచ్చిపోవాలని ఉందా అని అడిగేశాను.

"దేవతలు వింటరేమో."

"విననీ. నువ్వు చెప్పు."

"అనిపిస్తది పిన్నీ. పొద్దున లేవంగనే."

ఎప్పటినుంచి, అప్పుడేం చేస్తావు, ఎవరుంటే తగ్గుతుంది, అని మందలించకుండా ఒక్కొక్కటే అడిగాను. ఇది దాచననీ, డాక్టరు దగ్గరికి తోడొస్తాననీ చెప్పాను. "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికా?" అని బెదిరింది. పంజాగుట్టలో ఒకామె ఉందన్నాను.

మిరపకాయలు ఎత్తడానికి వచ్చిన అమ్మ ఇదంతా విన్నది. తిడుతుందనుకుంటే, మెట్టుమీద కూలబడి, "నాకు సుత అనిపిస్తది బిడ్డా, మీ అమ్మ పోయిన్నుంచి" అంది.

"మరి చెప్పలేదేందే అమ్మమ్మా?"

"నువ్వు భయపడ్తవని."

"నేను సుత గందుకే చెప్పలే."

మళ్ళీ పిల్లే, "ఇద్దరం పోదాం. ముందుగాల ముసలమ్మను చూడమందాం" అంది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆ డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే తిరిగారు. కుదుటపడడానికి చాలాకాలమే పట్టింది.

ఇప్పటి పిల్లలు సూటిగా అడుగుతున్నారు. వినడానికి మనకు జంకుగా ఉన్నా, మంచిదే. నాకు తెలియనిదల్లా, మన కాలంలో ఎన్ని ఇళ్ళలో ఇట్లా ఇద్దరు ఒకే చాపమీద పడుకుని, రెండోవాళ్ళు భయపడతారని, ఒకే మాటను ఎవరికివారు దాచుకున్నారో.