మందారం నిన్నడగదుగా

పెదనాన్న పోయారని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ ల్యాబులో ఉన్నాను. ఆకు అడుగుపొర ఒలిచి గాజుపలక మీద పెట్టి, పిల్లలకి పత్రరంధ్రాలు చూపిస్తున్నాను. వార్త విన్నాక నేను అడిగిన మొదటి మాట, "నేను వచ్చేశాక మళ్లీ నీళ్లేమైనా అడిగారా?" అనిట. నాకు గుర్తు లేదు, ఆయనే చెప్పారు. ఎందుకలా అడిగానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

రాజమండ్రిలో బోటనీ చెప్పి బతుకుతున్న నాకు అసలు బోటనీ నేర్పింది మా నాన్నగారి అన్న. కడియం దగ్గర కాలవగట్టున ఆయనకి చిన్న నర్సరీ ఉండేది. చదివింది ఐదో తరగతి. ఆకులు నీటిని ఆవిరిగా వదలడాన్ని నేను 'బాష్పోత్సేకం' అంటే, "అంత మాటకి మొక్క జడుసుకుంటుందమ్మా" అనేవారు.

ఇంటర్ సెలవుల్లో ఒకసారి నర్సరీ నాకు అప్పగించి పెళ్లికి వెళ్లారు. మిట్టమధ్యాహ్నానికి మందారాలన్నీ తలలు వేలాడేశాయి. పక్కనే కాలవ నిండుగా పారుతుంటే మా గోదావరి వాళ్లకి ఇంకో ఆలోచన వస్తుందా? బకెట్లకి బకెట్లు పోశాను. మర్నాడు ఇంకా వాడాయి, ఇంకా పోశాను. ఆయన తిరిగొచ్చేసరికి ఒక మడి మడంతా పోయింది. తిట్టలేదు. ఒక మొక్క సంచి చించి, కుళ్లిన వేళ్లు నా ముక్కు దగ్గర పెట్టారు.

"ఇది దాహంతో చావలేదమ్మా, ఊపిరాడక చచ్చింది. నీళ్లలో మునిగిపోయిన వేరు నీళ్లు తాగలేదు."

దాహంతో వాడిన మొక్కా, నీళ్లెక్కువై వాడిన మొక్కా పైకి ఒక్కలాగే ఉంటాయని ఆ కంపుతో తెలిసింది నాకు. అందుకే ఆయన చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడనిదే నీళ్లు పోసేవారు కాదు. పెళ్లిభోజనానికి కూర్చున్నా ఆ గోట్లో మట్టి ఉండేది. పెద్దమ్మ సణుగుతూనే పోయింది పాపం.

"మిట్టమధ్యాహ్నం మొక్కనీ, పెళ్లిపీటల మీద అల్లుణ్ణీ చూసి తీర్పు చెప్పకూడదు. తెల్లారాక చూడు. అప్పటికీ తలెత్తకపోతే అప్పుడు కంగారుపడు" అనేవారు.

రాయలసీమ వెళ్లే మొక్కలకి మాత్రం లారీ ఎక్కించే ముందు రెండు వారాలు పస్తే. షేడ్‌నెట్ కింద నుంచి ఎండలోకి లాగి, రోజురోజుకీ నీళ్లు తగ్గించేవారు. కొత్తాకులు చిన్నగా, మందంగా వచ్చేవి. ఎందుకలా ఏడిపిస్తారండీ అంటే, "ఇక్కడ సుఖపడ్డది అక్కడ బతకదమ్మా" అనేవారు. ఎమ్మెస్సీలో అదే చదివాను. నేల ఎండుతోందని వేరు ఆకుకి కబురు పంపుతుంది. ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. నీళ్లు మిగులుతాయి గానీ గాలి లోపలికి రాక తిండి తయారు కాదు. పరుగెత్తుకెళ్లి చెబితే, "మరేంటి, నేను చెప్పిందేగా" అన్నారు.

ఈ వేసవిలో ఆయన మూత్రపిండాలు పాడయ్యాయి. ఆసుపత్రికి దగ్గరని మా ఇంట్లో ఉంచుకున్నాం. రోజు మొత్తానికి అర లీటరు నీళ్లే ఇవ్వమన్నారు డాక్టరుగారు. కొలిచి పోసే పని నాది. కాళ్లు ఉబ్బిపోయి వేలితో నొక్కితే గుంట పడేది, నోరు మాత్రం పిడచకట్టుకుపోయేది. నాకు తెలిసిన భాషలో నచ్చజెప్పబోయాను.

"పెదనాన్నా, మీది దాహం కాదండి. నీళ్లెక్కువైన మందారం లాంటిది మీ ఒళ్లు."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "బానే చెప్పావు. మరి మందారం నిన్నడగదుగా!"

 

ఆఖరి రోజు పొద్దున్న ఇంకో గ్లాసు అడిగారు. రెండు చెంచాలు పోశాను.

"ఏంటమ్మా, నన్నూ లారీ ఎక్కించేస్తున్నావా?" అన్నారు.

నవ్వుతూనే అన్నారని నేననుకున్నాను. మా ఆయనేమో, "లేదు, మొహం గోడవైపు తిప్పుకున్నారు" అంటారు. నాకు బస్సు టైమవుతోంది. సరిగ్గా చూడకుండానే వెళ్లిపోయాను.

తరవాత డాక్టరుగారిని అడిగాను, ఆ గ్లాసు ఇచ్చి ఉంటే ఏమయ్యేదని. "ఆయాసం ఎక్కువయ్యేదేమో. ఏమీ కాకపోయేదేమో కూడా. చెప్పలేమండి" అన్నారు. మా పిల్లలు పరీక్షలో ఇలా రాస్తే సగం మార్కులే వేస్తాను. ప్రాణం నిలబెట్టడానికి చెయ్యి బిగబట్టానా, పోయే మనిషిని దాహంతో పంపానా? ఒకరోజు అలా అనిపిస్తుంది, ఒకరోజు ఇలా. మొక్కయితే వేరు తీసి చూసుకునేదాన్ని. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.

పదోరోజు గోదావరి రేవులో ధర్మోదకాలు వదిలారు. పోయినవారికి అయినవాళ్లంతా దోసిళ్లతో నీళ్లు వదలడం మా ఆనవాయితీ. మగవాళ్లది అయ్యాక పంతులుగారు నన్ను పిలిచి, "మూడు దోసిళ్లు వదిలి పక్కకి రండమ్మా" అన్నారు. మూడు వదిలాను. నాలుగోది వదిలాను. ఐదోది కూడా. వెనక నిలబడ్డవాళ్లెవరో దగ్గారు. పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"చాలమ్మా, ఇంక చాలు" అన్నారు పంతులుగారు.

మోకాలిలోతు నీళ్లలో మళ్లీ వంగి దోసిలి నింపుకున్నాను.