బీదర్ కోటకు దొంగచాటుగా పోయిన రోజు

మా చిన్నప్పుడు జహీరాబాద్ నుంచి బీదర్ అంటే బస్సెక్కి ఓ కునుకు తీసేంత దూరం... అయినా ఆరో తరగతికి వచ్చేసరికి కూడా నేను బీదర్ కోట చూడలేదు. వెళ్ళక కాదు, ఏటా వెళ్ళేవాళ్ళం. అత్త ఇంట్లో తిని, పడుకుని, లేచి, మళ్ళీ తిని వచ్చేవాళ్ళం. గుల్బర్గాకు పోతే పెద్దమ్మ వంటిల్లు, హుమ్నాబాద్‌కు పోతే చిన్నమ్మ వంటిల్లు... మేం చూసిన ఊళ్ళన్నీ అంతే.

నా దోస్తు సుల్తానా మాత్రం కోట చూసొచ్చింది. అక్కడి పెద్ద ఫిరంగి మీద చెయ్యి వేశానని బడంతా చాటింది. నాకు కడుపు మండిపోయింది. "నేను దాని మీద కూసొని వస్త సూడు" అని పంతం పట్టాను... ఇంటికొచ్చి అన్నం మానేశాను.

చివరికి నాయిన దిగొచ్చాడు. "ఈసారి మా అక్కకు తెల్వకుండ పోదాం. కోట సూసుడు, వాపస్ వచ్చుడు" అన్నాడు.

"ఊర్లకు పోయి వాళ్లింటికి పోకుంటే ఎట్ల? వదినకు తెలిస్తే మల్ల నా మొఖం సూస్తదా?" అని అమ్మ భయపడింది. అయినా బయల్దేరింది.

బీదర్‌లో దిగగానే నాయిన రుమాలు ముఖానికి చుట్టుకున్నాడు. అమ్మ కొంగు ముక్కుదాకా లాక్కుంది. పెద్ద బజారు వదిలేసి సందుల్లోంచి నడిచాం. అమ్మ చేతిలో మాత్రం ఓ బరువైన సంచి... అదేందని నాయిన అడిగాడు.

"పచ్చి అల్లం, బెల్లం. ఒకవేళ వదిన కనబడితే వట్టి చేతులతోని ఎట్ల?" అంది. నాయిన సందు మధ్యలో ఆగి తలకొట్టుకున్నాడు.

కోట దర్వాజా కనబడింది. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. సరిగ్గా అప్పుడే సైకిల్ మీద ఎదురొచ్చాడు మామ, అదే, మా అత్త భర్త.

"ఏం బామ్మర్ది, గిటెటు పోతున్రు?"

నాయిన రుమాలు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. అమ్మే ముందుకొచ్చి సంచి మామ చేతిలో పెట్టేసింది. "మీ ఇంటికే అన్నయ్యా... తొవ్వ తప్పినం."

ఏటా పోయే ఇంటికి దారి తప్పామట... పాపం, మామ నమ్మాడు. సంచి సైకిల్‌కు తగిలించుకుని ముందు నడిచాడు. నేను వెనక్కి తిరిగి కోటను చూస్తూ, ఏడుస్తూ నడిచాను.

నా ఏడుపు సంగతి అత్త అడిగి తెలుసుకుంది. "కోటకేమైతది బిడ్డా? మా తాతల కంటే ముందుకెల్లి ఆడనే ఉన్నది, రేపు గూడ ఉంటది. పూరీలైతే సల్లారిపోతయి" అంది. పూరీల తర్వాత భక్ష్యాలు... భక్ష్యాల తర్వాత చాయ్... చాయ్ తాగేసరికి ఆఖరి బస్సు వేళయింది. పోయే ముందు నన్ను దాబా మీదికి తీసుకెళ్ళి, దూరంగా ఓ గోడ చూపించి, "అగో, గదే కోట. సూసినవ్ గదా" అంది.

మొన్న కారులో బీదర్ వెళ్ళాను. కోటంతా తీరిగ్గా తిరిగాను, ఫిరంగి పక్కన ఫోటో దిగాను... ఆ సంబరంలో అత్తకు ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటోంది.

"మరి యాడ తిన్నవ్ బిడ్డా?"

"హోటల్ల తిన్న అత్తా."

"మనిల్లు ఉండంగ హోటల్ల తినుడేంది..." అని కోపంగా మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. ఆ ఇల్లు అమ్మేసి ఏళ్ళయింది.

"ఫిరంగి పెద్దగనే ఉన్నదా?" అని మాట మార్చి అడిగింది. ఉన్నదన్నాను.

ఇప్పుడు ఏ ఊరు పోయినా చూడాల్సినవన్నీ చూసి రావచ్చు... ఇంటికి రాకుండా ఎట్ల పోతరని తొవ్వకు అడ్డం పడేవాళ్ళే లేరు. మీరు ఏ ఊళ్ళో, ఎవరింటి పూరీల వల్ల ఏం చూడకుండా వచ్చారో... చెప్పండి, వినాలని ఉంది.